ఎర్రదీపం చెప్పే మాట

పాతకాలపు కారును ముచ్చటపడి కొన్నవారు గాని, తండ్రితాతల నాటి కారును కాపాడుకొంటున్నవారు గాని ఇంజను చప్పుడును శ్రద్ధగా వింటారు. రంగు పోయిందేమోనని రేకును తడిమి చూస్తారు. చక్రాలను తట్టి చూస్తారు. కాని డాష్‌బోర్డు మీద గోరంత ఎర్రదీపం ఒకటి మిణుకుమిణుకుమంటే దానిని అంతగా పట్టించుకోరు. పగటివేళ అది కంటికి ఆనదు. రాత్రి ప్రయాణంలో ముందుదీపాలు పసుపువన్నెకు తిరిగి, హారను గొంతు బొంగురుపోయి, చివరకు నడిరోడ్డు మీద బండి నిలిచిపోయినప్పుడు దాని మాట జ్ఞాపకం వస్తుంది. అప్పుడైనా సాధారణంగా జరిగేది ఏమి? ‘బ్యాటరీ పోయింది’ అని తీర్పు చెప్పి కొత్త బ్యాటరీ కొంటారు. నెల తిరగకముందే ఆ కొత్తదీ చతికిలబడుతుంది. అప్పుడు ‘ఆల్టర్నేటరు పోయింది’ అని దానినీ మారుస్తారు. కొన్నాళ్ళకు మళ్ళీ అదే కథ. అసలు లోపం మాత్రం ఏ తీగ చివరనో, ఏ తుప్పుపట్టిన బోల్టు కిందనో నిశ్చింతగా కూర్చొని ఉంటుంది.

ఈ వృథావ్యయం నుండి తప్పించుకొనే మార్గం ఒక్కటే. కొలవకుండ ఏ భాగాన్నీ మార్చరాదు. ఒక భాగాన్ని పెంచదలిస్తే దానితో ముడిపడిన తక్కిన భాగాలను విడిచిపెట్టరాదు. ఈ రెండు మాటలకు తగిన కారణాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు పాఠం చెప్పుకొనేవానికి ఆల్టర్నేటరుతో పనేమి అని ఎవరైనా అడగవచ్చును. బోయినపల్లి అనగానే సికిందరాబాదు పక్కనున్న పేటను తలచుకొనేవారు ఎక్కువ. నేను చెప్పేది రాజన్న సిరిసిల్ల జిల్లాలోని బోయినపల్లిని గురించి. మధ్య మానేరు ఆనకట్ట ఈ మండలంలోని మాన్వాడ దగ్గరనే ఉన్నది. ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లు మా వీథులలో తిరుగవు. కాని ఆ కార్ల బానెట్టు కింద ఉన్న ఆల్టర్నేటరుకూ, మా పొలంగట్టున నిలిచిన ట్రాక్టరు ఇంజను పక్కనున్న ఆల్టర్నేటరుకూ సూత్రంలో భేదం లేదు. ఒకదానిని అర్థం చేసుకొన్నవారికి రెండవది అర్థమయినట్లే. పైగా పదవతరగతి పిల్లలు విద్యుదయస్కాంత ప్రేరణ అనే పాఠాన్ని ప్రతి యేడూ వల్లెవేస్తున్నారు. ఆ పాఠం తమ యింటి ముందరి బండిలోనే తిరుగుతున్నదని వారికి చెప్పేవారు తక్కువ.

కథ 1831వ సంవత్సరంలో మొదలవుతుంది. ఆ యేడు మైకేల్ ఫారడే అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు అయస్కాంతం కదిలినప్పుడు దగ్గరనున్న తీగచుట్టలో విద్యుత్తు పుడుతుందని కనుగొన్నాడు. మరుసటి యేడు, అనగా 1832లో, పారిస్ నగరంలో ఇపోలిట్ పిక్సీ అనే పనిముట్ల తయారీదారు చేతితో తిప్పే యంత్రం ఒకటి నిర్మించాడు. అందులో తీగచుట్టలు స్థిరంగా ఉంటాయి. వాటి ఎదుట అయస్కాంతం తిరుగుతుంది. పుట్టిన విద్యుత్తు ఒకసారి ఇటు, ఒకసారి అటు ప్రవహించే ఏకాంతర విద్యుత్తు. ఆ కాలంలో అటువంటి విద్యుత్తుతో ఏమి చేయాలో తోచలేదు. అందువలన ఆంపియర్ సూచన మేరకు దానిని ఒకే దిశకు మళ్ళించే కమ్యుటేటరు అనే భాగాన్ని పిక్సీ తన యంత్రానికి చేర్చాడు. పాఠకులు ఈ అమరికను గుర్తుంచుకొనవలెను. కార్లలో ఇది మళ్ళీ కనిపించడానికి నూటపాతికేళ్ళకు పైగా పట్టింది.

తొలినాటి కార్లకు బ్యాటరీతో అంతగా పనిలేదు. ఇంజనులో నిప్పురవ్వను మాగ్నెటో పుట్టించేది. ముందుదీపాలు కార్బైడు వాయువుతో వెలిగేవి. ఇంజనును మొదలుపెట్టడానికి ముందు నిలబడి ఇనుపకడ్డీ తిప్పవలసిందే; అది వెనుకకు తన్ని చేతులు విరిగినవారు ఎందరో ఉన్నారు. అమెరికాలో 1912 నమూనా కాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరును అమర్చారు. స్టార్టరు వచ్చిన తరువాత పెద్ద బ్యాటరీ తప్పనిసరి అయినది. బ్యాటరీ వచ్చిన తరువాత దానిని నింపే డైనమో తప్పనిసరి అయినది. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదంలో నిజాముల పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారును చూసినవారు ఒక సంగతి గమనించవచ్చును. అదీ 1912 నాటిదే. మోటారుబండి చేతికడ్డీ యుగం నుండి విద్యుద్యుగంలో అడుగుపెట్టిన సంధికాలపు బండి అది.

ఆ తరువాత సుమారు అర్ధశతాబ్ది కాలం కార్లలో డైనమోయే రాజ్యమేలింది. మన దేశపు రోడ్లమీద చిరకాలం తిరిగిన అంబాసిడరు, ఫియట్ కార్లు కూడ డైనమోతోనే తమ ప్రస్థానాన్ని ఆరంభించాయి. డైనమోలో అయస్కాంతం స్థిరంగా ఉండి తీగచుట్ట తిరుగుతుంది. తిరిగే చుట్టలో పుట్టిన విద్యుత్తు యావత్తూ కార్బను బ్రష్షుల ద్వారా, కమ్యుటేటరు మీదుగా వెలికి రావలెను. అంత ప్రవాహాన్ని ఒరిపిడి మీద మోయడం వలన బ్రష్షులు అరిగిపోతాయి; కమ్యుటేటరు నల్లబడుతుంది. తిరిగే చుట్ట బరువైనది కనుక దానిని మరీ వేగంగా తిప్పితే తీగలు చెదరిపోతాయి. ఆ భయంతో పుల్లీని పెద్దదిగా పెట్టి మెల్లగా తిప్పుతారు. మెల్లగా తిప్పితే ఇంజను నెమ్మదిగా నడిచేటప్పుడు డైనమో ఏమీ ఇవ్వలేదు. రైలుగేటు దగ్గర ఆగిన పాత కారు దీపాలు మసకబారి, బండి కదిలి వేగమందుకొనగానే తిరిగి తేరుకోవడం పెద్దవారందరూ చూచినదే. బ్రిటిషు కార్లలో విరివిగా వాడిన లూకాస్ సీ40 డైనమో మహావేగంలో సైతం 22 ఆంపియర్లకు మించి ఇచ్చేది కాదు.

దీనికి విరుగుడు పిక్సీ యంత్రంలోనే ఉన్నది. అయస్కాంతాన్ని తిప్పి, తీగచుట్టలను స్థిరంగా ఉంచితే చాలు. అప్పుడు పుట్టిన పెద్ద ప్రవాహం కదలని చుట్టల నుండి నేరుగా తీగల్లోనికి వస్తుంది. తిరిగే అయస్కాంతానికి ప్రాణం పోయడానికి రెండు మూడు ఆంపియర్లు మాత్రమే బ్రష్షుల మీదుగా లోపలికి పోతే సరిపోతుంది. కాని పుట్టేది ఏకాంతర విద్యుత్తు. బ్యాటరీకి కావలసినది ఏకముఖ విద్యుత్తు. ఈ చిక్కును విప్పినది సిలికాన్ డయోడు. నీటిని ఒకవైపుకే పోనిచ్చి, వెనుకకు రాబోతే తనంతట తాను మూసుకొనే తలుపు వంటిది డయోడు. మూడు చుట్టలకు ఆరు డయోడులను జతపరిస్తే ఇటూ అటూ ఊగే విద్యుత్తు ఒకే దిశకు మళ్ళుతుంది. చవకగా, వేడిని ఓర్చుకొనగల సిలికాన్ డయోడులు దొరికిన తరువాతనే ఆల్టర్నేటరు మామూలు కార్లలోనికి దిగివచ్చింది. అమెరికాలో క్రైస్లర్ సంస్థవారి వేలియంట్ కారు 1960లో దీనిని ప్రతి బండికీ అమర్చింది. 1964లో వచ్చిన 4.2 లీటర్ల జాగ్వార్ ఈ-టైపు కారు కూడ డైనమోను విడిచి దీనిని స్వీకరించింది.

స్పోర్ట్స్ కార్లలో సామాన్యుని కారుగా పేరొందిన ఎంజీబీ చరిత్ర ఈ మార్పుకు చక్కని ఉదాహరణ. ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారంలో 1962 నుండి 1980 వరకు ఈ కార్లు ఐదు లక్షలకు పైగా తయారయినాయి. 1967 వరకు వాటిలో డైనమో ఉండేది. బ్యాటరీ ధనధ్రువాన్ని కారు శరీరానికి, అనగా ఎర్తుకు, కలిపేవారు. ఆ యేడు చివర రెండవ నమూనాతో ఆల్టర్నేటరు వచ్చింది. దానితో పాటు ఎర్తు ఋణధ్రువానికి మారింది. కొద్దికాలానికే 16 ఏసీఆర్ అనే రకం వచ్చింది. దాని శక్తి 34 ఆంపియర్లు. వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటరు దాని వెనుకభాగంలోనే ఇమిడి ఉన్నది. ఇప్పుడు పాతకార్ల ప్రియులు ‘మా ఆల్టర్నేటరు పోయింది’ అని వాపోయేది ఎక్కువగా ఈ జాతి యంత్రాలను గురించే. లూకాస్ పరిజ్ఞానంతో 1961లో మద్రాసులో స్థాపితమయిన లూకాస్ టీవీఎస్ సంస్థ మన దేశపు బండ్లకు వీటి జ్ఞాతులను తయారుచేసింది. అందుచేత మన మెకానిక్కుల చేతికి ఈ యంత్రం కొత్తది కాదు.

ఇక ఎర్రదీపం సంగతి. అది కేవలం హెచ్చరించే దీపమని చాలమంది అనుకొంటారు. నిజానికి ఆల్టర్నేటరును మేల్కొలిపేది అదే. తాళంచెవి తిప్పగానే బ్యాటరీ నుండి కొంచెం విద్యుత్తు ఆ దీపం గుండా ప్రవహించి, తిరిగే భాగంలోని చుట్టలోనికి పోయి, దానిని బలహీనమైన అయస్కాంతంగా చేస్తుంది. ఇంజను తిరిగినప్పుడు ఆ బలహీన అయస్కాంతం వలన స్థిరమైన చుట్టలలో విద్యుత్తు పుట్టడం మొదలవుతుంది. అందులో కొంత భాగాన్ని మూడు చిన్న డయోడులు వేరుగా తీసి మళ్ళీ అయస్కాంతానికే అందిస్తాయి. అది ఇంకా బలపడుతుంది. అటుపిమ్మట దీపానికి ఒకవైపున బ్యాటరీ వోల్టేజి, రెండవవైపున ఆల్టర్నేటరు వోల్టేజి సమానంగా నిలుస్తాయి. రెండు చెరువులలో నీటిమట్టం ఒకటే అయినప్పుడు నడుమనున్న కాలువలో ప్రవాహం ఉండదు గదా! అట్లే దీపంలో ప్రవాహం ఆగిపోయి అది ఆరిపోతుంది.

ఈ ఒక్క సంగతి తెలిసినవారికి ఎర్రదీపం సగం రోగనిర్ణయం చేసిపెడుతుంది. తాళంచెవి తిప్పినప్పుడు దీపం అసలు వెలగకపోతే, ఆ బల్బు మాడిపోయి ఉండవచ్చును. లేదా బ్రష్షులు అరిగి లోపలి చుట్టకు తగలకపోవచ్చును. రెండు వాట్ల బల్బు మాడినందుకు మంచి ఆల్టర్నేటరు మేల్కొనలేక పడి ఉంటుంది. ఆ బల్బు వెల ఎంత, కొత్త ఆల్టర్నేటరు వెల ఎంత? ఇంజను నడుస్తున్నా దీపం నిండుగా వెలుగుతూ ఉంటే విద్యుదుత్పత్తి బొత్తిగా లేదని అర్థం. మసకగా వెలుగుతూ ఉంటే రెండు మట్టాలూ సమానంగా లేవని అర్థం. ఏదో ఒక డయోడు చెడి ఉండవచ్చును, లేదా పెద్ద తీగ దారిలో ఎక్కడో అడ్డు ఏర్పడి ఉండవచ్చును.

వైద్యుడు నాడి చూచినట్లు ఇక్కడ మల్టీమీటరుతో చూడవలెను. ఈనాడు అది ప్రతి ఎలక్ట్రికల్ దుకాణంలోనూ దొరుకుతున్నది. ముందుగా కంటితో చూడవలసినవి చూడవలెను: బెల్టు వదులుగా ఉన్నదా, బ్యాటరీ కొసలకు తెల్లని పొడి పట్టిందా, తీగల చివరలు పచ్చబారాయా? పుల్లీల నడుమ బెల్టును బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం దిగవలెను. అంతకంటె వదులైతే జారిపోతుంది. మరీ బిగువైతే బేరింగులు అరిగిపోతాయి.

తరువాత కొలతలు. రాత్రంతా ఊరక నిలిపిన కారులో మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది. 12.2 చూపితే అది సగమే నిండి ఉన్నదన్నమాట. ఇంజను నడిపి కొంచెం వేగం పెంచితే బ్యాటరీ కొసల వద్ద 13.8 నుండి 14.4 వోల్టుల వరకు ఉండవలెను. 12 దగ్గరనే ఉండిపోతే ఛార్జింగు లేదు. 15 దాటితే రెగ్యులేటరు అదుపు తప్పింది. బ్యాటరీలోని నీరు మరిగి ఆవిరయిపోతుంది. పిమ్మట ముందుదీపాలు, వైపరు, ఫ్యాను అన్నీ వేసి మళ్ళీ కొలవవలెను. 13.5కు తగ్గకుండ ఉంటే ఆల్టర్నేటరు తన బరువు తాను మోస్తున్నట్లే.

చాలమంది ఇక్కడితో ఆగిపోతారు. కాని పాత కార్లలో అసలు దొంగ దొరికేది తరువాతి కొలతలోనే. అన్నీ వేసి ఇంజను నడుస్తున్నప్పుడు మీటరు ఒక కొసను ఆల్టర్నేటరు వెనుకనున్న పెద్ద బోల్టు మీద, రెండవ కొసను బ్యాటరీ ధనధ్రువం మీద ఉంచవలెను. మధ్యలో తీగ తప్ప మరేమీ లేదు కనుక భేదం నామమాత్రంగా, సుమారు 0.3 వోల్టు లోపల ఉండవలెను. అట్లే ఆల్టర్నేటరు శరీరానికీ బ్యాటరీ ఋణధ్రువానికీ మధ్య కొలిస్తే 0.2 దాటరాదు. ఒక వోల్టు భేదం కనిపించిందంటే ఆల్టర్నేటరు చేసిన పని దారిలోనే వేడిగా ఖర్చయిపోతున్నదన్నమాట. యాభై ఏళ్ళ కారులో ఇంజనును ఛాసీకి కలిపే ఎర్తు పట్టీ తుప్పుపట్టడం అతి సామాన్యం. దానిని విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, బిగించితే పోయిందనుకొన్న ఆల్టర్నేటరు తిరిగివస్తుంది. చివరిగా మీటరును ఏకాంతర విద్యుత్తు వైపుకు తిప్పి బ్యాటరీ కొసల వద్ద కొలిస్తే అర వోల్టు లోపల ఉండవలెను. అంతకు మించితే డయోడులలో ఒకటి రెండు చెడినట్లే.

ఒక ప్రమాదాన్ని గురించి ఇక్కడ గట్టిగా చెప్పవలసి ఉన్నది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగను ఊడదీసి, ఇంజను ఆగకపోతే ఛార్జింగు ఉన్నదని తేల్చే పద్ధతి డైనమో కాలంలో వ్యాపించింది. ఇప్పటికీ దానిని ప్రయోగించేవారు ఉన్నారు. ఆల్టర్నేటరు విషయంలో ఇది ప్రాణాంతకం. బ్యాటరీ తొలగిన మరుక్షణం వోల్టేజి ఒక్కుమ్మడిగా ఎగసి డయోడులను, రెగ్యులేటరును కాల్చివేస్తుంది. పరీక్షకు ముందు బాగున్న యంత్రం పరీక్ష వలననే చచ్చిపోతుంది. బ్యాటరీని తలకిందులుగా కలిపినా, తీగలు విప్పకుండ బండికి వెల్డింగు చేసినా ఇదే ఫలితం.

లోపం నిజంగా ఆల్టర్నేటరులోనే ఉన్నదని తేలిందనుకొందాం. అప్పుడైనా మొత్తం పారవేయనక్కరలేదు. అందులో ముందుగా అరిగేవి కార్బను బ్రష్షులు. ఇవి మార్చడం గంట పని. అవి ఒరసుకొనే రాగి వలయాలు నల్లబడితే సన్నని ఉప్పుకాగితంతో మెరుగుపెట్టవచ్చును. బేరింగు గరగరలాడితే కొత్తది వేయవచ్చును. డయోడుల పలకను, రెగ్యులేటరును విడిగా మార్చవచ్చును. స్థిరమైన చుట్ట మాడిపోతే తిరిగి చుట్టించవచ్చును. ఈ చివరి పనిలో మా ప్రాంతానికి ఒక సౌకర్యం ఉన్నది. వ్యవసాయ బావుల మోటార్లు కాలినప్పుడల్లా వాటి రాగితీగను తిరిగి చుట్టే వైండింగు దుకాణాలు మండల కేంద్రాలలో వెలసినాయి. మోటారులో తీగ చుట్టగల చేతికి ఆల్టర్నేటరులో తీగ చుట్టడం కొత్త విద్య కాదు.

ఇక శక్తిని పెంచే మాట. పాత కారుకు విద్యుత్ ఫ్యాను, మెరుగైన దీపాలు, ఫోను ఛార్జరు అమర్చినవారు పెద్ద ఆల్టర్నేటరు కావాలంటారు. కావలెనో అక్కరలేదో కూడికతో తేల్చవచ్చును. ముందుదీపాలు రెండింటికి 120 వాట్లు, వెనుకదీపాలు మొదలగువాటికి 30, నిప్పురవ్వ పుట్టించే కాయిలుకు 50, వైపరుకు 40, ఫ్యానుకు 100, ఫోనుకు 20 అనుకొంటే మొత్తం 360 వాట్లు. దీనిని 14 వోల్టులతో భాగిస్తే సుమారు 26 ఆంపియర్లు. బ్యాటరీ నిండడానికి మరి ఐదారు కావలెను. 22 ఆంపియర్ల డైనమో దీనిని మోయలేదు. 34 ఆంపియర్ల ఆల్టర్నేటరు రోడ్డుమీద మోస్తుంది. కాని ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఏ యంత్రమూ తన పూర్తిశక్తిని ఇవ్వదు. పట్టణాలలో దీపాల దగ్గర ఆగుతూ పోయేవారికి 45 లేక 65 ఆంపియర్ల యంత్రం న్యాయమే.

అయితే యంత్రాన్ని ఒక్కదానినే మార్చితే ఏమవుతుందో మా పల్లెలకు బాగా తెలిసినదే. సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘం 1970లో పని ప్రారంభించి పల్లెలకు కరెంటు తెచ్చింది. ఆ తరువాత బావిబావికీ మోటారు వచ్చింది. ఒక ట్రాన్స్‌ఫార్మరు మోయగలిగినదానికంటె ఎక్కువ మోటార్లు దానికి తగిలిస్తే లో వోల్టేజి వచ్చి మోటార్లు కాలిపోతాయని ఇక్కడి రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. ఉత్పత్తి, దారి, వాడకం అనే మూడూ ఒకదానికొకటి తగి ఉండవలెను. కారులోనూ అదే న్యాయం.

విద్యార్థులు ఈ లెక్కను చేసి చూడవచ్చును. ఒక చదరపు మిల్లీమీటరు మందం, ఒక మీటరు పొడవు గల రాగితీగ నిరోధం సుమారు 0.0175 ఓములు. పాత కారులో ఆల్టర్నేటరు నుండి బ్యాటరీ వరకు 4 చదరపు మిల్లీమీటర్ల తీగ 3 మీటర్ల పొడవున ఉన్నదనుకొందాం. దాని నిరోధం 0.0131 ఓములు. 60 ఆంపియర్లు దాని గుండా పోతే దాదాపు 0.8 వోల్టు నష్టం. తీగలో 47 వాట్ల వేడి. చిన్న టంకపుకడ్డీ అంత వేడి పాతబడిన తొడుగు లోపల పుడుతున్నదన్నమాట! అది ముందుగా మెత్తబడుతుంది, తరువాత మాడుతుంది, ఆ పిమ్మట మంటలు. అదే తీగ 10 చదరపు మిల్లీమీటర్లదైతే నష్టం 0.3 వోల్టుకు, వేడి 19 వాట్లకు దిగుతుంది. కనుక పెద్ద ఆల్టర్నేటరు వేయదలచినవారు లావు తీగ, దానికి తగిన ఫ్యూజు, మంచి ఎర్తు పట్టీ కూడ వేయవలెను. డాష్‌బోర్డు మీద 30 ఆంపియర్ల అమ్మీటరు ఉన్న కార్లలో ఆ ప్రవాహం యావత్తూ అమ్మీటరు గుండానే పోతుంది. దానిని దారి నుండి తప్పించి వోల్టుమీటరు పెట్టుకోవడం క్షేమం.

డైనమోను తీసి ఆల్టర్నేటరు పెట్టేవారు మరికొంత జాగ్రత్త పడవలెను. 1967కు ముందటి ఎంజీబీ వంటి ధనధ్రువం ఎర్తుగా ఉన్న కార్లలో ముందు ధ్రువాలను మార్చుకొనవలెను. బ్యాటరీని తిప్పి బిగించి, కాయిలు మీది రెండు తీగలను మార్పిడి చేసి, రేడియో, ఇంజను వేగాన్ని చూపే మీటరు వంటివి కొత్త ధ్రువానికి సరిపోతాయో లేదో చూడవలెను. డైనమోకు తోడుగా ఉన్న కంట్రోల్ పెట్టెను సర్క్యూటు నుండి తప్పించవలెను. ఇవన్నీ చేయకుండ తొందరపడి తాళంచెవి తిప్పితే కొత్త ఆల్టర్నేటరు డయోడులు ఆ క్షణంలోనే కాలిపోతాయి.

ఇక్కడ ఒక వివాదం కలదు. పాత వస్తువును యథాతథంగా ఉంచవలెనని కొందరు, వాడుకకు తగినట్లు దిద్దుకొనవలెనని కొందరు వాదిస్తారు. కేంద్రప్రభుత్వం 2021 జులైలో ప్రకటించిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, మూలరూపంలో ఉండి, ఛాసీ, శరీరం, ఇంజనులలో పెద్ద మార్పులు జరగని వాహనాలను వింటేజి వాహనాలుగా నమోదు చేయవచ్చును. వాటి నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలు ఉంటాయి. నిత్యం తిరగడానికి, వ్యాపారానికి వాటిని వాడరాదు. మూలరూపానికి చట్టం ఇంత విలువ ఇస్తున్నప్పుడు యజమాని కూడ వివేకంతో నడవవలెను. నా దృష్టిలో మధ్యేమార్గం ఉన్నది. శరీరాన్ని కోయకుండ, కొత్త రంధ్రాలు చేయకుండ, విప్పితే మళ్ళీ మునుపటి స్థితికి వచ్చేటట్లు మార్పు చేయవలెను. తీసిన పాత భాగాన్ని తుక్కువానికి వేయక, ఏ తేదీన ఎందుకు తీశారో చీటీ రాసి కట్టి, పెట్టెలో దాచవలెను. పండితుడు తాళపత్ర ప్రతిని పరిష్కరించేటప్పుడు మూలపాఠాన్ని చెరిపివేయక అధోజ్ఞాపికలో ఉంచుతాడు, ఇదీ అటువంటిదే. రాత్రిపూట ఎదుటివారికి కనిపించనంత మసక దీపాలతో తిరగడం మాత్రం మూలానికి విధేయత అనిపించుకోదు; అది ప్రాణాలతో చెలగాటం.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. పాడైన ఆల్టర్నేటరు ఏ మెకానిక్ దగ్గరైనా తుక్కు వెలకు దొరుకుతుంది. దానిని తరగతిగదిలోనికి తెచ్చి పిల్లల చేత విప్పించండి. తిరిగే భాగం ఏది, స్థిరమైనది ఏది, బ్రష్షులు ఎక్కడ, డయోడులు ఎన్ని అని వారినే లెక్కించనివ్వండి. పిమ్మట కరీంనగర్ జిల్లా రామడుగు మండలంలో 2019లో నడక సాగించిన గాయత్రి పంపుహౌసును గురించి చెప్పండి. అక్కడ ఒక్కొక్కటి 139 మెగావాట్ల మోటార్లు నీటిని ఎత్తి మధ్య మానేరు వైపుకు పంపడానికి నిర్మించబడ్డాయి. వాటిలోనూ స్థిరమైన చుట్టల నడుమ అయస్కాంతమే తిరుగుతుంది. కారులో ఇంజను అయస్కాంతాన్ని తిప్పితే విద్యుత్తు పుడుతున్నది. అక్కడ విద్యుత్తు అయస్కాంతాన్ని తిప్పితే నీరు లేస్తుంది. బల్ల మీది గుప్పెడు యంత్రానికీ, భూగర్భంలోని ఆ మహాయంత్రానికీ ఉన్న చుట్టరికం ఒకసారి తెలిసిన విద్యార్థి ఫారడే సూత్రాన్ని పరీక్ష కోసం బట్టీపట్టడు.

ఈ విద్యను మనం పోగొట్టుకొనే స్థితిలో ఉన్నాం. కొత్త బండ్లలో భాగాలు మూసిన పెట్టెలుగా వస్తున్నాయి. చెడితే విప్పేది లేదు. తీసివేసి మరొకటి పెట్టడమే. మార్చడం మాత్రమే వచ్చిన చోట కారణం అడిగేవారు ఉండరు. కారణం అడిగే అలవాటు పోయిన పిమ్మట మార్చిన భాగమూ నిలవదు. పాత కార్లు, పాత ట్రాక్టర్లు ఇంకా మన మధ్య తిరుగుతున్నన్నాళ్ళు ఆ అలవాటును నేర్చుకోవడానికి అవకాశం ఉన్నది. వైండింగు దుకాణం ముందు కూర్చొని రాగితీగ చుట్టే మనిషి పక్కన పది నిమిషాలు నిలబడి ప్రశ్నలు అడిగిన పిల్లవాడు చాల నేర్చుకొంటాడు. అతనికి మల్టీమీటరు పట్టడం నేర్పితే ఇంకా మేలు. ఈసారి ఎవరి బండిలోనైనా ఎర్రదీపం మిణుకుమన్నప్పుడు, బ్యాటరీ దుకాణానికి పరుగెత్తడానికి ముందు ఎర్తు పట్టీని ఒకసారి విప్పి చూడమని అతడే పెద్దలకు చెప్పగలుగుతాడు.